చల్లారిన శాంపిల్

"మీ అపాయింట్‌మెంట్ నిన్న సాయంత్రమే క్యాన్సిల్ అయిందండీ," అంది ల్యాబ్ కౌంటర్‌లోని అమ్మాయి, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

కూర్చోబోతున్న పెద్ద సిస్టర్ సగంలోనే ఆగిపోయింది.

"ఎవరు చేశారు?" అడిగింది డిటెక్టివ్.

"మీరే కదండీ ఫోన్ చేసింది."

"బుక్ చేసింది నేను. నా ఫోన్ నుంచి చేశాను. క్యాన్సిల్ చేస్తే నాకు తెలియకుండా ఉంటుందా?"

ఆ అమ్మాయి అప్పుడు తలెత్తింది. పొరపాటు తన మీదికొస్తుందేమోనన్న భయం ముఖంలో కనిపించింది.

ఈ ఒక్క అపాయింట్‌మెంట్ కోసం డిటెక్టివ్ రెండు రోజులు ఫోన్లు చేసింది. ఒకచోట రక్తం తప్ప ఇంకేదీ తీసుకోం అన్నారు. ఇంకోచోట కంపెనీ లెటర్ తెమ్మన్నారు. మూడోచోట వచ్చే నెల దాకా ఖాళీ లేదన్నారు. చివరికి తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చింది. పెద్ద సిస్టర్ కొంప ముంచిన మొదటి పరీక్ష జరిగింది కూడా ఈ సెంటర్‌లోనే.

ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ మందుల బీరువాకి తాళాలు ఇద్దరి దగ్గరే ఉండేవి. ఆ ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్లు. ఒకే థియేటర్‌లో పని చేయడంతో అందరూ పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్ అనేవారు. మూడు నెలలుగా బీరువాలోని నొప్పి ఇంజెక్షన్ సీసాల్లోంచి ఎవరో మందు లాగేసి నీళ్లు నింపుతున్నారు. కడుపు ఆపరేషన్ అయిన ఒక వడ్రంగి రాత్రంతా అరిచి అరిచి, తెల్లారేసరికి గుండె ఆగి చనిపోయాడు. అతనికి ఎక్కించింది ఆ నీళ్లే. ఆస్పత్రి ఇద్దరు సిస్టర్లకీ మూత్ర పరీక్ష చేయించింది. చెల్లెలి శాంపిల్ శుభ్రంగా ఉంది. అక్క శాంపిల్‌లో మందు దొరికింది. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఒక్క మధ్యాహ్నంలో సస్పెన్షన్‌లో పడింది.

"నేను తీసుకోలేదు. ఆ సంగతి నా ఒంటికి తెలుసు, రిపోర్టుకే తెలియలేదు," అంది ఆమె, డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చిన మొదటి రోజు.

"అయితే మీ ఒంటినే అడుగుదాం," అంది డిటెక్టివ్. మూత్రం నిన్నా మొన్నటి సంగతే చెబుతుంది. జుట్టు మూడు నెలల సంగతి చెబుతుంది. మూడు నెలలుగా మందు కాజేసి ఎక్కించుకున్న మనిషి జుట్టు అబద్ధమాడలేదు.

ఆ జుట్టు పరీక్షనే ఇప్పుడు ఎవరో రద్దు చేశారు.

"ఫోన్ చేసింది ఆడా, మగా?"

"ఆడ గొంతేనండీ."

"ఏం చెప్పింది? చెప్పింది చెప్పినట్టు చెప్పు. అందంగా అక్కర్లేదు."

"రేపటి హెయిర్ టెస్ట్ తీసేయండి అంది. ఈవిడ పేరే చెప్పింది. ఫోన్ నంబరు అడిగితే అది చెప్పకుండా ఎంప్లాయీ నంబరు చెప్పింది. పోయినసారి ఆస్పత్రివాళ్లు పంపినప్పుడు ఆ నంబరు మా సిస్టమ్‌లో ఎక్కింది కదా, దాంతో వెతికాను. మళ్లీ ఎప్పుడు పెట్టమంటారు అంటే, అవసరం లేదని పెట్టేసింది."

డిటెక్టివ్ వెనక్కి తిరిగింది. "మీ ఎంప్లాయీ నంబరెంత?"

పెద్ద సిస్టర్ తడబడింది. "అదీ... ఏదో ఆరుతో మొదలవుతుంది. కార్డు వెనక ఉంటుందండీ. కార్డు సస్పెండ్ చేసిన రోజే లాగేసుకున్నారు."

"ఈ రోజు పరీక్ష ఉందని ఎవరెవరికి చెప్పారు?"

"మా చెల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దానికి చెప్పకుండా నేను ఏ పనీ చేయను."

డిటెక్టివ్ మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగింది. కౌంటర్ మీద చెయ్యి ఆనించింది. "చూడమ్మా, మీరు ముక్కూ మొహం తెలియని గొంతు విని పరీక్ష రద్దు చేశారు. ఆ సంగతి మీ మేనేజర్‌కి చెబుతూ కూర్చుంటే నాకూ నీకూ పొద్దు పోతుంది. జుట్టు కత్తిరించడం పది నిమిషాల పని. ఎక్కడ ఇరికిస్తావో నీ ఇష్టం."

ఆ అమ్మాయి గబగబా కీబోర్డు కొట్టింది. "ఇప్పుడున్న కేసు అవగానే పంపిస్తానండీ."

"మంచిది. అందాకా మీరు శాంపిల్ తీసుకునే గది చూస్తాను."

టెక్నీషియన్ నలభై దాటిన మనిషి. తెల్లకోటు జేబుకి మూడు పెన్నులు గుచ్చుకుని ఉన్నాడు. గది చూపించడం అతనికి గర్వంగానే ఉన్నట్టుంది. "మా దగ్గర మోసం కుదరదు మేడం. ఫ్లష్ ట్యాంకులో నీలం రంగు వేస్తాం, ఆ నీళ్లు కలిపితే తెలిసిపోతుంది. లోపల కుళాయి కట్టేశాం. సబ్బు కూడా ఉంచం. సంచులూ పర్సులూ బయటే పెట్టిస్తాం."

డిటెక్టివ్ లోపలికి తొంగి చూసింది. అతను చెప్పింది నిజమే. కుళాయి పిడి తీసేసి, మొండానికి టేపు చుట్టారు. గోడకి చిన్న కిటికీ కూడా లేదు.

"కుళాయి లేకపోతే చేతులెక్కడ కడుక్కుంటారు?"

"హాల్లో సింకుందండీ. కప్పు మాకిచ్చేశాక అక్కడికెళ్తారు."

ఆమె బయటికి వచ్చి నిలబడింది. గది తలుపు పక్కన గ్రానైట్ గట్టు ఉంది. దాని మీద ఒక ట్రే ఉంది. హాల్లోని సింకు ఇక్కడికి కనిపించదు. మధ్యలో గోడ అడ్డం ఉంది.

"ఈ ఇద్దరు సిస్టర్లూ వచ్చిన రోజు గుర్తుందా?"

"గుర్తుంది. ఒకే పోలిక, ఒకే యూనిఫాం. కవల పిల్లలేమో అనుకున్నాను."

"కవలలం కాదు. నాకూ దానికీ తొమ్మిదేళ్లు తేడా," అంది పెద్ద సిస్టర్, వెనక నుంచి.

"ముందు ఎవరిచ్చారు?"

"పెద్దావిడే. ఆవిడ కప్పు ట్రేలో ఎడమవైపు పెట్టాను. తర్వాత చిన్నావిడ ఇచ్చింది. అది కుడివైపు పెట్టాను."

"కప్పుల మీద పేర్లు?"

"సీలు వేసేటప్పుడు లేబుల్ అంటిస్తామండీ."

"వెంటనే సీలు వేశారా?"

టెక్నీషియన్ జేబులో పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "వేసేవాణ్ణే. లేబుల్ మిషన్‌లో రోలు అయిపోయింది. స్టోర్‌కి వెళ్లి తెచ్చాను. ఎంతసేపు, రెండు నిమిషాలు."

"ఆ రెండు నిమిషాలూ ఇక్కడ ఎవరున్నారు?"

"వాళ్లిద్దరే."

"నేను లేను," అంది పెద్ద సిస్టర్. మాట వచ్చేసిన తర్వాత దాని బరువు తెలిసింది ఆమెకి. గొంతు తగ్గించింది. "నేను చేతులు కడుక్కోడానికి వెళ్లాను."

డిటెక్టివ్ ఆమె వైపు చూడలేదు. టెక్నీషియన్ నుంచి చూపు తిప్పలేదు. "మీరు తిరిగి వచ్చాక?"

"లేబుల్స్ అంటించాను. సీలు మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. అంతా రూలు ప్రకారమే."

"కప్పుకి బయట వేడి చూపించే పట్టీ ఉంటుంది కదా. అది చూశారా?"

టెక్నీషియన్ మూడు పెన్నులున్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"చూశారు," అంది డిటెక్టివ్. "చూడకపోతే చూడలేదని చెప్పేవారు."

"చిన్నావిడ కప్పు చల్లగా ఉంది మేడం," అన్నాడతను, గొంతు తగ్గించి. "పట్టీలో రంగు సరిగ్గా రాలేదు. ఇంటి నుంచి ఎవరిదో పట్టుకొచ్చిందేమోనని అనుమానం వచ్చింది. ఇంకోసారి ఇవ్వమని అడిగాను. డ్యూటీకి టైమైపోతోందని ఏడుపు ముఖం పెట్టింది. అప్పుడు ఈవిడే..."

"ఈవిడ?"

"ఈవిడే వచ్చి, 'నా చెల్లెలండీ, దాని సంగతి నాకు తెలుసు, నాది పూచీ' అన్నారు. అంత పెద్ద ఆస్పత్రి సిస్టర్ అంతలా చెబితే ఇంకేమంటాం? వదిలేశాను."

"పెద్దావిడ కప్పు?"

"అది వెచ్చగానే ఉంది. పట్టీ పచ్చగా వెలిగింది."

"ముందు పోసిన టీ వేడిగా ఉండి, తర్వాత పోసిన టీ చల్లారిపోతుందా బాబూ?"

టెక్నీషియన్ ట్రే వైపు తిరిగి చూశాడు.

గట్టు మీద ట్రే ఖాళీగా ఉంది. పెద్ద సిస్టర్ దానివైపే చూస్తోంది. ఎడమవైపు చెయ్యి పెట్టింది, కుడివైపు పెట్టింది, చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. ఆ చెయ్యి ఏం వెతుకుతోందో డిటెక్టివ్‌కి తెలుసు. ఆ రెండు నిమిషాల్లో కప్పులు తారుమారయ్యాయి; ఆ చల్లారిన కప్పు ఆమెదే. ఆమె పూచీ పడింది తన శుభ్రమైన శాంపిల్‌కే, దాని మీద చెల్లెలి పేరు అంటించడానికి.

ఇన్నేళ్ల పనిలో డిటెక్టివ్ ఎందరో దొంగల్ని పట్టుకుంది. దొంగ దొరికినప్పుడు కలిగే సంతోషం మాత్రం ఈ రోజు రాలేదు.

"ఇప్పుడు జుట్టు తీయించుకుందాం రండి," అంది మెల్లగా.

"వద్దండీ."

"ఏమిటి వద్దు?"

పెద్ద సిస్టర్ తన జడని ముందుకి లాక్కుని గుప్పిట్లో పట్టుకుంది. "నాకీ పరీక్ష వద్దు. మీ ఫీజు మొత్తం ఇచ్చేస్తాను. ఇక్కడితో ఆపేయండి."

"అమ్మా, ఆ వడ్రంగికి ఇద్దరు పిల్లలు."

"నాకు తెలీదనుకున్నారా? తెల్లారిందాకా అతని చెయ్యి పట్టుకు కూర్చున్నది నేను. ఇంజెక్షన్ ఇచ్చాం కదా, ఇంకా అరుస్తాడేంటని విసుక్కున్నది కూడా నేనే." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "మా అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్లు. దానికి జడ వేసింది నేను, చదువు చెప్పించింది నేను, ఈ ఉద్యోగంలో పెట్టించింది నేను. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. నేనైతే ఎలాగూ మునిగాను. ఇద్దరం ఎందుకు?"

"ఇక్కడితో ఆపేయమనే నేనూ మొదట్నుంచీ చెబుతున్నాను," అన్నాడెవరో వెనక నుంచి.

ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు ఫోల్డరు. ఆస్పత్రి విజిలెన్స్ ఆఫీసర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఐదేళ్ల కిందటి దాకా డిటెక్టివ్ ఆఫీసు బోర్డు మీద రెండు పేర్లుండేవి. రెండో పేరు ఇతనిది. వెళ్లేటప్పుడు పెద్ద క్లయింట్లందర్నీ వెంట తీసుకెళ్లాడు. బోర్డు మాత్రం ఆమెకి వదిలేశాడు.

"బావున్నావా, పార్ట్‌నర్?" అన్నాడు.

"నువ్వు రానంతసేపూ బాగానే ఉన్నాను, పార్ట్‌నర్."

"నాలిక పదును తగ్గలేదు. సంతోషం." అతను ఫోల్డరు తెరిచి పెద్ద సిస్టర్ ముందు పెట్టాడు. "రాజీనామా. సంతకం పెట్టండి. పోలీసు కేసు ఉండదు, పేపర్లో పేరు రాదు. మేనేజ్‌మెంట్ ఇంతకన్నా మంచితనం చూపించలేదు."

ఆమె అతని పెన్ను తీసుకుంది.

"ఒక్క నిమిషం," అంది డిటెక్టివ్. "మేం ఇక్కడున్నామని నీకెలా తెలిసింది?"

"నా పని తెలుసుకోవడమే."

"నీ పని నాకు తెలుసు. నేర్పింది నేనే. ఈ రోజు పరీక్ష ఉందని ఈవిడ చెప్పింది ఒక్క మనిషికే. నేను ఎవరికీ చెప్పలేదు. నిన్న సాయంత్రం ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి దీన్ని రద్దు చేయించింది. ముందు నేనూ అది చెల్లెలి పనేననుకున్నాను."

పెద్ద సిస్టర్ చేతిలో పెన్ను కదలడం మానేసింది.

"కానీ ఏ చెల్లెలైనా అక్క గురించి చెప్పేటప్పుడు ఎంప్లాయీ నంబరు చెబుతుందా?" డిటెక్టివ్ అతని దగ్గరికి నడిచింది. "పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషికే ఆ నంబరు గుర్తు లేదు. ఫోన్ నంబరు చెప్పొచ్చు, పుట్టినరోజు చెప్పొచ్చు. మనిషిని నంబరుతో పిలిచేది ఆఫీసు మాత్రమే. ఆమె కార్డు లాక్కున్నది నీ ఆఫీసు. నీ దగ్గర పని చేసే అమ్మాయి చేత చేయించావు. నువ్వే చేస్తే మగ గొంతు పట్టిస్తుందని."

"ఊహలు."

"కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆ నంబరు అడుగుదామా? ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ల దగ్గర ఉంటుంది."

విజిలెన్స్ ఆఫీసర్ హాలు వైపు ఒకసారి చూశాడు. టెక్నీషియన్ అప్పటికే గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. "నువ్వు బయటికెళ్లవయ్యా," అన్నాడతనితో. అతను వెళ్లిపోయాక గొంతు మార్చాడు. "సరే. చేయించాను. అందరి మంచికే."

"పరీక్ష సంగతి నీకు చెప్పిందెవరు?"

"ఈవిడ చెల్లెలే." అతను పెద్ద సిస్టర్ వైపు చూడకుండా చెప్పాడు. "నిన్న సాయంత్రం నా గదిలోకి వచ్చింది. మందు తీసింది నేను, కప్పులు మార్చింది నేను, చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది సార్ అంటూ ఏడ్చింది. అక్క రేపు జుట్టు పరీక్షకి వెళ్తోంది, అక్కడ తేలే లోపు నా నోటితో నేనే చెప్పాలని వచ్చాను అంది."

పెద్ద సిస్టర్ నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుపు కాదది. ఎక్కడో లోపల దెబ్బ తగిలితే వచ్చే శబ్దం.

"చెప్పిందా?" అంది. "అది తనంతట తనే వచ్చి చెప్పిందా?"

"చెప్పింది. నేనేం చేయాలి? వడ్రంగి ఇంటివాళ్లకి దోషి దొరికిందని చెప్పేశాం. పేరు లేకుండా పేపర్లో కూడా వచ్చేసింది. ఇప్పుడు, అయ్యో కాదు, పొరపాటున ఇంకో మనిషిని పట్టుకున్నాం, అసలు మనిషి ఇంకా థియేటర్‌లోనే ఉంది అని చెప్పమంటావా? ఆస్పత్రి పరువేం కావాలి?"

"నీ ఉద్యోగం ఏం కావాలని అడుగు. అదైనా నిజం అవుతుంది."

"నువ్వు నీతులు చెప్పకు పార్ట్‌నర్. ఖాళీ ఆఫీసులో కూర్చుని నీతులు చెప్పడం తేలిక."

"ఆ పిల్లకి ఏం చెప్పావు?"

"అక్క రాజీనామా చేస్తే ఎవరికీ జైలు ఉండదు, నువ్వు నోరు మూసుకుని సెలవు పెట్టు అన్నాను. బీరువా తాళాలు తీసుకుని ఇంటికి పంపేశాను."

"ఎప్పుడు?"

"చెప్పాను కదా, నిన్న సాయంత్రమే."

పెద్ద సిస్టర్ పెన్ను కింద పెట్టింది. "ఇంటికి రాలేదు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నైట్ డ్యూటీ అని మెసేజ్ పెట్టింది. నా కోసం చూడకక్కా, తిని పడుకో అని. నేను పడుకున్నాను." ఆమె గొంతులో తడి కూడా లేదు. "నేను తిని పడుకున్నాను."

"తాళాలు తీసుకున్నాక బీరువా తెరిచి చూశావా?" అడిగింది డిటెక్టివ్.

విజిలెన్స్ ఆఫీసర్ ఫోన్ తీసి థియేటర్‌కి చేశాడు. బీరువా చూడమన్నాడు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడ్డాడు. అవతలి మాట విన్నాక ఫోన్ కట్ చేయకుండానే చెవి నుంచి దించాడు.

"ఐదు సీసాలు లేవట," అన్నాడు. "వాటి చోట ఏమీ పెట్టలేదట."

ఆ మాటకి అర్థం ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. రేపు మళ్లీ తీసుకోవాలనుకునేవాళ్లు నీళ్ల సీసాలు పెట్టి దొంగతనాన్ని కప్పిపుచ్చుకుంటారు; రేపే అక్కర్లేనివాళ్లు ఇలా ఖాళీగా వదిలేస్తారు.

పెద్ద సిస్టర్ అప్పటికే చెల్లెలికి ఫోన్ చేస్తోంది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి ఎవరో ఎత్తారు.

"చిన్నీ," అంది. "చిన్నీ, నేనే. నాకు అంతా తెలుసు. కోపం లేదు. మాట్లాడు."

మాట రాలేదు. ఊపిరి వినిపించింది. ఒకసారి లోపలికి వెళ్లి, చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకసారి. పెద్ద సిస్టర్ కళ్లు మూసుకుని వింది. ఎన్ని వందల మంది ఊపిరి విన్నదో ఆ చెవి.

"బతికే ఉంది," అంది. "ఇలాగే వదిలేస్తే మాత్రం దక్కదు. ఎక్కడుందో చెప్పండి, ఎవరైనా ఎక్కడుందో చెప్పండి!"

డిటెక్టివ్ ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది. ఊపిరి వెనక ఏదో చప్పుడు వస్తోంది. పెద్ద డ్రమ్ము తిరుగుతున్నట్టు ధబధబమని, మధ్యలో ఆవిరి వదిలిన బుస్సుమనే శబ్దం. పెద్ద సిస్టర్ ఆ చప్పుడు వినడం లేదు. ఆమెకి ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

డిటెక్టివ్ మాత్రం విజిలెన్స్ ఆఫీసర్ ముఖం చూసింది. ఒకప్పుడు ఏళ్ల తరబడి తనతో ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనిషి ముఖం అది. అతనికి ఆ చప్పుడు తెలుసు. తెలిసీ నోరు విప్పడం లేదు. చిన్న సిస్టర్ మేలుకోకపోతే, నిన్న సాయంత్రం ఆ గదిలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

ఆమె అతని చొక్కా కాలర్ పట్టుకుని గోడకి ఆనించింది. ఫోల్డరు జారి రాజీనామా కాగితం నేల మీద పడింది.

"ఎక్కడ?"

అతను గుటక మింగాడు.

"మా ఆస్పత్రి లాండ్రీ," అన్నాడు. "బేస్‌మెంట్‌లో. వెనక గది... లోపల గడియ ఉంటుంది."

పెద్ద సిస్టర్ అతని చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. థియేటర్ లైను ఇంకా తెగలేదు. మెట్ల వైపు పరిగెడుతూనే, ఇన్నేళ్లూ డాక్టర్లని సైతం కదిలించిన గొంతుతో విరుగుడు ఇంజెక్షన్ పేరు చెప్పింది. ఎంత ఎక్కించాలో చెప్పింది. లాండ్రీ వెనక గది గడియ పగలగొట్టమంది. "పేషెంట్ పేరేమిటి సిస్టర్?" అని అవతలి వాళ్లు అడిగారు.

"మీ చిన్న సిస్టర్," అందామె. "పరిగెత్తండి."